టెక్సస్‌లో వర్కర్స్ కాంప్: తీసుకోవాలా వద్దా, ఖర్చెంత, తీసుకోకపోతే మీద పడేవేమిటి

మీరు అడిగింది ఇదీ: ఐటీ ఉద్యోగం వదిలేసి, ఇర్వింగ్ దగ్గర నడుస్తున్న ఒక ఇండియన్ రెస్టారెంటునూ, పక్కనే ఉన్న గ్యాస్ స్టేషన్‌లో వాటానూ వచ్చే నెల కొంటున్నారు. రెండు చోట్లా కలిపి పద్నాలుగు మంది పనివాళ్లు. అమ్ముతున్నాయన ‘టెక్సస్‌లో వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగుల కోసం యజమాని తీసుకునే ఇన్సూరెన్స్) తప్పనిసరి కాదు, పదేళ్లుగా కట్టలేదు, నాకేమీ కాలేదు’ అంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న మీ బావగారేమో అది లేకుండా షట్టరు ఎత్తడమే నేరం అంటున్నారు. ఎవరిది నిజం, అసలు ఎంతవుతుంది?

ఇద్దరిదీ నిజమే, ఎవరి రాష్ట్రంలో వాళ్లది. కానీ అమ్ముతున్నాయన మాటలో సగమే ఉంది. మిగతా సగం చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను పాలసీలు అమ్మేవాణ్ణి కాదు. పదిహేడేళ్లు ప్రీమియం ఆడిటర్‌గా పనిచేశాను. అంటే పాలసీ ఏడాది పూర్తయ్యాక మీ జీతాల పుస్తకాలు, పన్ను కాగితాలు చూసి, మీరు కట్టింది ఎక్కువో తక్కువో తేల్చడానికి వచ్చే మనిషిని. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల రెస్టారెంట్లు, మోటెళ్లు, కన్సల్టింగ్ కంపెనీలు చాలానే చూశాను. కాఫీ ఇచ్చి పంపినవాళ్లున్నారు, పార్కింగ్‌లోనే నిలబెట్టి మాట్లాడినవాళ్లూ ఉన్నారు. మీరు కొన్నా కొనకపోయినా నాకొచ్చేది ఏమీ లేదు. లాయర్ని కాదు కాబట్టి సంతకాలు పెట్టే ముందు లాయర్‌కి చూపించుకోండి.

చాలా రాష్ట్రాల్లో ఇది తప్పనిసరి. న్యూజెర్సీలో ఒక్క పనివాడున్నా ఉండాలి. జార్జియాలో ముగ్గురి నుంచి. ఫ్లోరిడాలో కన్‌స్ట్రక్షన్ అయితే ఒక్కరికే, మిగతా వ్యాపారాల్లో నలుగురి నుంచి. టెక్సస్ ఒక్కటే ప్రైవేటు యజమానికి ‘నీ ఇష్టం’ అని వదిలేసింది. దీని వెనక ఒక కథ ఉంది. 1911లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు, యజమాని మీద ఇలాంటి భారం బలవంతంగా పెట్టడం రాజ్యాంగ విరుద్ధం అని కొట్టేసింది. 1913లో టెక్సస్ తన మొదటి చట్టం చేసేటప్పటికి ఆ భయం ఇంకా ఉంది, అందుకే ఐచ్ఛికంగా పెట్టింది. 1917లో అమెరికా సుప్రీంకోర్టు తప్పనిసరి చేసినా ఫర్వాలేదని చెప్పాక మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే మారాయి. టెక్సస్ మారలేదు. మధ్యలో ఓక్లహోమా కూడా యజమానులకు బయటికి వెళ్లే దారి తెరిచి చూసింది, 2016లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని మూసేసింది.

టెక్సస్‌లో కూడా తప్పనిసరి అయ్యే చోట్లున్నాయి. ప్రభుత్వ సంస్థలకు ఉండాల్సిందే. ప్రభుత్వ నిర్మాణ కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు ఆ పని మీదున్న మనుషులందరికీ పాలసీ ఉందని చూపించాల్సిందే. మీ రెస్టారెంటుకి ఇవేవీ వర్తించవు. కాబట్టి చట్టం మిమ్మల్ని పాలసీ కొనమని అడగదు. ఇక్కడిదాకా అమ్ముతున్నాయన మాట నిజం.

ఇప్పుడు ఆయన చెప్పని సగం. వర్కర్స్ కాంప్ అనేది ఒక బేరం. పనివాడికి పనిలో దెబ్బ తగిలితే తప్పు ఎవరిదని అడగకుండా వైద్యం, జీతంలో కొంత భాగం అందుతాయి. బదులుగా అతను యజమాని మీద కోర్టుకెళ్లే హక్కు వదులుకుంటాడు. మీరు ఆ బేరంలోకి రాకపోతే అతని హక్కు అతని దగ్గరే ఉంటుంది. అంతటితో ఆగితే బాగుండేది. బేరంలోకి రాని యజమాని దగ్గర నుంచి టెక్సస్ లేబర్ కోడ్ మూడు వాదనలు లాగేసుకుంటుంది.

నేను చూసిన ఒక రెస్టారెంటు సంగతి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. వంటవాడు దోసెల పెనం దగ్గర నుంచి గిన్నెలు కడిగే చోటికి వెళ్తూ తడి నేల మీద జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. నీళ్లు ఒలికించింది టేబుళ్లు తుడిచే కుర్రాడు. వంటవాడి కాళ్లకు ఉన్నవి మామూలు చెప్పులు, జారని బూట్లు కొనుక్కోమని ఓనర్ రెండుసార్లు చెప్పాడట. పైగా ఆ మూల ఎప్పుడూ తడిగానే ఉంటుందని వంటింట్లో అందరికీ తెలుసు. ఓనర్ ధైర్యంగా ఉన్నాడు: ఒలికించింది ఇంకో పనివాడు, నేను కాదు. జాగ్రత్త లేనిది వీడికే. తెలిసే ఆ దారిన నడిచాడు. మామూలు దావాలో ఈ మూడూ గట్టి వాదనలే. పాలసీ లేని టెక్సస్ యజమానికి ఈ మూడూ చెల్లవు. తోటి పనివాడి తప్పు, గాయపడ్డవాడి సొంత అజాగ్రత్త, ప్రమాదం తెలిసే ఒప్పుకున్నాడన్న మాట, మూడింటినీ చట్టం పక్కన పెట్టేసింది. అవతలి లాయర్ నిరూపించాల్సింది ఒక్కటే: యజమాని వైపు కొంత నిర్లక్ష్యం ఉందని. తడి మూలకు రబ్బరు చాప వేయించకపోవడం దానికి చాలింది. పనివాడి వాటా తొంభై శాతం, నీది పదే అని లెక్క తగ్గించే వీలు కూడా ఉండదు. నష్టపరిహారం మొత్తంగా పడుతుంది. ఆ కేసు కోర్టు దాకా పోకుండా సెటిల్ అయింది. మొత్తం ఎంతో చెప్పను గానీ, దాంతో ఆయన ముప్పై ఏళ్ల ప్రీమియం కట్టుకునేవాడు. నేను ఆయన్ని చూసింది మరుసటి ఏడాది, పాలసీ కొన్నాక ఆడిట్‌కి వెళ్లినప్పుడు.

అలాంటప్పుడు యజమానికి మిగిలే వాదనలు కొద్ది: దెబ్బ తగిలినప్పుడు అతను మత్తులో ఉన్నాడు, కావాలని చేసుకున్నాడు, లేదా మొత్తం తప్పు పూర్తిగా అతనిదే. వీటిని నిరూపించడం అంత సులభం కాదు.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా పడే గుంత ఇంకొకటుంది. ‘నాకు జనరల్ లయబిలిటీ ఉంది కదా’ అంటారు. ఆ పాలసీ తీసి చదవండి. సొంత ఉద్యోగికి పనిలో తగిలిన దెబ్బకు అది వర్తించదని మినహాయింపు ఉంటుంది. కస్టమర్ జారిపడితే అది ఇస్తుంది, వెయిటర్ జారిపడితే ఇవ్వదు. పనివాడి సొంత హెల్త్ ఇన్సూరెన్స్ కూడా చాలాసార్లు పనిలో తగిలిన గాయానికి డబ్బివ్వనంటుంది. ‘చేరేటప్పుడే దావా వేయనని రాయించుకుంటా’ అన్నవాళ్లనూ చూశాను. దెబ్బ తగలకముందు రాయించుకున్న అలాంటి కాగితం టెక్సస్‌లో చెల్లదు. తగిలాక రాయించుకోవాలన్నా, అతను గాయం సంగతి మీకు చెప్పిన రోజు నుంచి పది పనిదినాలు దాటాలి, ఎమర్జెన్సీ గదిలో కాకుండా మామూలు డాక్టర్ పరీక్ష అయి ఉండాలి, ఇంకా షరతులున్నాయి.

రెండోది, పాలసీ వద్దనుకుంటే ఊరికే కూర్చోవచ్చనీ కాదు. వద్దనుకున్న యజమానికి సొంత కాగితాల పని ఉంది. రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖలో వర్కర్స్ కాంపెన్సేషన్ విభాగం ఉంది, అందరూ డీడబ్ల్యూసీ అంటారు. ‘నాకు పాలసీ లేదు’ అని దానికి ఫారం-005 ఇవ్వాలి. మొదటి ఉద్యోగిని పెట్టుకున్న 30 రోజుల్లోపు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 లోపు. ఉన్న పాలసీని రద్దు చేసుకుంటే 10 రోజుల్లో. పాలసీ లేదన్న నోటీసు పనివాళ్లందరికీ కనబడేలా గోడకు పెట్టాలి, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, మీ వాళ్లకు తెలిసిన ఇంకో భాష ఉంటే అందులోనూ. కొత్తగా చేరేవాడికి చేరేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. ఐదుగురు అంతకంటే ఎక్కువ మంది ఉంటే, ఎవరికైనా దెబ్బ తగిలి ఒక రోజు కంటే ఎక్కువ పని పోయినా, పని వల్ల జబ్బు వచ్చినా, ప్రాణం పోయినా తర్వాతి నెల 7వ తేదీలోపు ఫారం-007 పంపాలి. మీకు పద్నాలుగు మంది, కాబట్టి మీకూ వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే జరిమానా రోజుకి 25,000 డాలర్ల దాకా వేసే అధికారం వాళ్లకుంది. అంత వేయడం నేను చూడలేదు, కానీ చట్టంలో ఉన్న అంకె అది. పదేళ్లుగా కట్టలేదన్న ఆయన పదేళ్ల ఫారం-005 కాపీలు చూపించగలరేమో అడగండి. ఆయన మొహం చూస్తే మీకే తెలుస్తుంది.

సరే, ఖర్చు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నా అన్నం ఇక్కడిదే.

లెక్క చెప్పడానికి సులభం: జీతాల మొత్తాన్ని వందతో భాగించి, మీ పని రకానికి ఉన్న రేటుతో గుణించడమే. పని రకానికి ఒక క్లాస్ కోడ్ ఉంటుంది. టెక్సస్ ఇప్పుడు ఎన్‌సీసీఐ అనే సంస్థ కోడ్‌లు వాడుతుంది. ఆఫీసులో కూర్చుని చేసే పని 8810. మామూలు రెస్టారెంట్ 9082, ఫాస్ట్ ఫుడ్ 9083, హోటల్ 9052, ఇళ్ల పైకప్పులు వేసేవాళ్లు 5551. రేటు ప్రభుత్వం నిర్ణయించదు, ప్రతి కంపెనీ తన రేట్లు తాను దాఖలు చేసుకుంటుంది, అందుకే ఒకే కోడ్‌కి రెండు కంపెనీల ధరలు వేరువేరుగా వస్తాయి. ఆఫీసు పనికి వంద డాలర్లకు సెంట్లలో ఉండే రేటు, పైకప్పు పనికి డాలర్లలో ఉంటుంది. 2003తో పోలిస్తే టెక్సస్ రేట్లు బాగా దిగాయి. అప్పటి భయం పెట్టుకుని ఇప్పటికీ కోట్ (కంపెనీ చెప్పే ధర) అడగనివాళ్లున్నారు.

మీ రెస్టారెంటునే తీసుకుందాం. లెక్క కోసం రేటు 90 సెంట్లు అనుకుందాం, మీకు వేరే రావచ్చు. ఏడాదికి జీతాల కాగితాల మీద మొత్తం 3,80,000 డాలర్లు, అందులో టిప్పులు 60,000. గుడ్డిగా వేస్తే 3,420 డాలర్లు. కానీ టిప్పులు ప్రీమియం లెక్కలోకి రావు. తీసేస్తే 3,20,000 మీద 2,880. ఆ 540 డాలర్లు మిగలాలంటే పేరోల్ రిపోర్టులో టిప్పులు వేరే కాలమ్‌లో కనబడాలి. కలిపేసి ఉంటే నేను వేరు చేయలేను, చేయను కూడా.

ఓవర్‌టైమ్ కూడా అంతే. గంటకు 18 డాలర్ల వంటవాడికి ఓవర్‌టైమ్‌లో 27 ఇస్తారు. ఆ పైనున్న 9 లెక్కలోంచి తీసేయొచ్చు, విడిగా రాసి ఉంటేనే. మొత్తం చిన్నదే, కానీ మీది. ఖర్చులకు తిరిగిచ్చిన డబ్బూ రాదు. జీతంలో భాగంగా ఉండటానికి ఇచ్చిన గది మాత్రం వస్తుంది. మోటెల్ నడిపే మనవాళ్లకు ఇది తెలియదు. ‘మేనేజరుకి జీతం తక్కువేనండి, గది ఫ్రీ’ అంటారు. ఆ గది విలువ జీతంలో కలిసినట్టే.

8810 గురించి ఒక మాట. మీ భార్య లెక్కలు చూసుకుంటారనుకోండి. విడిగా ఉన్న ఆఫీసు గదిలో కూర్చుని అదొక్కటే చేస్తే ఆమె జీతం చవక కోడ్‌లోకి వెళ్తుంది. శుక్రవారం రాత్రి రద్దీలో బిర్యానీ పార్సిళ్లు కడుతుంటే మొత్తం జీతం రెస్టారెంట్ కోడ్‌లోకే వస్తుంది, సగం సగం చేయడం కుదరదు. పాపం, చాలా ఇళ్లలో జరిగేది రెండోదే.

ఓనర్ల సంగతి. టెక్సస్‌లో పాలసీ తీసుకుంటే ఒక్కడే నడిపే యజమాని, భాగస్వాములు, కార్పొరేషన్ ఆఫీసర్లు కూడా అందులో ఉన్నట్టే లెక్క, పాలసీకి ఎండార్స్‌మెంట్ (జత చేసే మార్పు కాగితం) పెట్టి తీసేస్తే తప్ప. మీరు వంటింట్లో నిలబడే రకం అయితే తీసేసే ముందు ఆలోచించుకోండి. పద్నాలుగు మందికి కవరేజీ పెట్టి, మరుగుతున్న నూనె దగ్గర తాను లేకుండా పోయిన ఓనర్ని చూశాను.

మోడ్ అని ఒకటుంది, గత మూడేళ్ల క్లెయిములను బట్టి ప్రీమియాన్ని పెంచే తగ్గించే గుణకం. అన్నిటికంటే తాజా ఏడాదిని వదిలి దాని ముందు మూడేళ్లు చూస్తారు. చిన్న ప్రీమియం వ్యాపారాలకు ఇది ఉండదు, మీది చిన్నదే కాబట్టి వెంటనే రాకపోవచ్చు. వ్యాపారం కొనేటప్పుడు మాత్రం పాతాయన మోడ్ మీకు అంటుకోవచ్చు. ఆయనకు పాలసీ లేదన్నారు కాబట్టి రెస్టారెంటుకి ఆ బెడద లేదు. గ్యాస్ స్టేషన్ వాటాదారులకు పాలసీ ఉందో లేదో, క్లెయిములేమున్నాయో లాస్ రన్స్ అని ఒక రిపోర్టు ఉంటుంది, అడిగి తీసుకోండి. పాత యజమాని పాలసీ మాత్రం కొన్నవాడికి బదిలీ కాదు.

ఇక ఆడిట్. పాలసీ మొదట్లో కట్టేది అంచనా మీద. ఏడాది అయ్యాక అసలు జీతాలు చూసి తేడా వసూలు చేస్తారు, లేదా వెనక్కి ఇస్తారు. మొదట తక్కువ చెప్పి ప్రీమియం తగ్గించుకున్నానని సంబరపడేవాళ్లు పదమూడో నెల ఏడుస్తారు. దీన్ని తప్పించుకోవాలంటే పేరోల్ కంపెనీ ద్వారా ప్రతి జీతానికీ ఇంత అని కట్టే పద్ధతి ఉంది, చిన్న వ్యాపారానికి అది హాయి. ఆడిటర్‌కి సహకరించకపోతే కంపెనీ తన అంచనాతో బిల్లు వేస్తుంది. ఆ అంచనా ఎప్పుడూ మీ పక్షాన ఉండదు.

నేను ఏమేం చూసేవాణ్ణో చెబుతాను, దాచుకోవడానికి కాదు, సిద్ధంగా ఉంచుకోవడానికి. మూడు నెలలకోసారి ఐఆర్ఎస్‌కి పంపే 941లు (జీతాల పన్ను రిటర్నులు), టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కి ఇచ్చే జీతాల రిపోర్టులు, చెక్ రిజిస్టరు, 1099లు (ఉద్యోగులు కాకుండా బయటి పనివాళ్లకు ఇచ్చిన డబ్బు కాగితాలు). వీటికి ముందు రెస్టారెంటు మీద ఆన్‌లైన్‌లో జనం రాసిన రివ్యూలు చదివేవాణ్ణి. ‘ఫలానా అబ్బాయి ఎంత బాగా వడ్డించాడో’ అని నాలుగు రివ్యూల్లో పేరుంటుంది, పేరోల్‌లో ఉండదు. ఓనర్‌ని అడిగితే ‘మా చుట్టాలబ్బాయి సార్, ఊరికే వస్తాడు’ అంటారు. వారానికి ఆరు రోజులు ఊరికే వచ్చే చుట్టాలు అమెరికాలో మనకే ఉంటారు.

క్యాష్ మీద పెట్టుకున్నవాళ్ల గురించి సూటిగా చెబుతాను. ప్రీమియం తగ్గుతుందనుకుంటారు. దెబ్బ తగిలిన రోజున అతను మీ ఉద్యోగే. టెక్సస్ చట్టం ఉద్యోగి ఏ దేశస్థుడైనా పరిహారానికి అర్హుడనే చెబుతుంది. పాలసీ ఉంటే క్లెయిము కంపెనీకి వెళ్తుంది, ఆ వెంటనే ఈ మనిషి జీతం ఏదని ప్రశ్న వస్తుంది. పాలసీ లేకపోతే పైన చెప్పిన వంటవాడి కథే, అదనంగా పన్నుల కథ. విద్యార్థి వీసా మీదున్న పిల్లలను ఇలా పెట్టుకుంటే వాళ్ల చదువు, వీసా కూడా మీ కౌంటర్ మీద పెట్టినట్టే. వద్దు.

1099 మనుషులు, సబ్‌కాంట్రాక్టర్లు ఇంకో తలనొప్పి. వంటింటి హుడ్ శుభ్రం చేసేవాడు, రంగులేసేవాడు, గ్యాస్ స్టేషన్ కెనోపీ బాగుచేసేవాడు. వాళ్లకు సొంత పాలసీ ఉందని సర్టిఫికెట్ మీ ఫైల్‌లో ఉండాలి, పని జరిగిన తేదీలకు చెల్లేలా ఉండాలి. లేకపోతే వాళ్లకిచ్చిన డబ్బులో కొంతైనా మీ జీతాల్లో కలిపి ప్రీమియం వేస్తాను. పైకప్పు పనైతే పైకప్పు రేటుతో. ఒక మోటెల్ ఓనర్‌కి వడగళ్ల వాన తర్వాత చేయించిన రూఫ్ బిల్లు వల్ల ఏడాది ప్రీమియం కంటే ఆడిట్ బిల్లు పెద్దదైంది. ఒక్క కాగితం, చెక్ ఇచ్చే ముందు అడిగి తీసుకుంటే పోయేది.

పాలసీ ఉంటే మీ పనివాడికి ఏమొస్తుందో కూడా తెలుసుకోండి, అతను అడుగుతాడు. వైద్యం పూర్తిగా. పని మానేయాల్సి వస్తే పోయిన జీతంలో 70 శాతం. గంటకు 10 డాలర్ల కంటే తక్కువ సంపాదించేవాడికి మొదటి 26 వారాలు 75 శాతం. వారానికి ఇంత అని రాష్ట్రం పెట్టే గరిష్ఠ పరిమితికి లోబడి. మొదటి ఏడు రోజులకు రాదు, ఎనిమిదో రోజు నుంచి మొదలవుతుంది. పని లేకుండా రెండు వారాలు గడిస్తే ఆ మొదటి వారం కూడా ఇస్తారు. ఇది 104 వారాల దాకా నడవొచ్చు. శాశ్వత లోపం మిగిలితే అది ఎంత శాతమని డాక్టర్ తేలుస్తారు, అందులో ప్రతి ఒక శాతానికి మూడు వారాల చొప్పున వేరే చెల్లింపు.

గ్యాస్ స్టేషన్ కాబట్టి ఒకటి మనసులో పెట్టుకోండి. అక్కడ పెద్ద ప్రమాదం తడి నేల కాదు, రాత్రి తుపాకీతో వచ్చేవాడు. మన పిల్లలు అలా పోయిన వార్తలు గుంటూరులో, నల్లగొండలో ఏ ఇంట్లోనైనా విన్నవే. పాలసీ ఉంటే దోపిడీలో క్లర్కుకు తగిలిన దెబ్బ పనిలో తగిలిందే, మీ తప్పుందా అన్న ప్రశ్న రాదు. సొంత గొడవలతో ఎవరో వచ్చి కొడితే మాత్రం రాదు. ప్రాణం పోతే అంత్యక్రియలకు 10,000 డాలర్ల దాకా, భార్యాపిల్లలకు జీతంలో 75 శాతం చొప్పున వారం వారం. పెళ్లికాని కుర్రాడైతే అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు వస్తుంది. అలా ఆధారపడినవాళ్లెవరూ లేకపోయినా తల్లిదండ్రులకు 104 వారాల చెల్లింపు ఉంది, వాళ్లు ఏడాదిలోపు క్లెయిము వేసుకోవాలి. వాళ్లు ఇండియాలో ఉన్నారన్న కారణంతో పోదు. పాలసీ లేకపోతే ఆ తల్లిదండ్రులు లాయర్ని పెట్టుకుని, మీ దుకాణంలో లైట్లు లేవనో కెమెరా పనిచేయలేదనో నిరూపించాలి. మీరు కోర్టులో వాళ్లకు ఎదురుగా కూర్చోవాలి. నేనైతే గ్యాస్ స్టేషన్‌కి ఈ ఒక్క కారణంతోనే పాలసీ తీసుకుంటాను.

మధ్యేమార్గం లేదా అంటారు. ఉంది. వర్కర్స్ కాంప్ వద్దనుకున్న పెద్ద కంపెనీలు సొంత గాయాల ప్లాన్ పెట్టుకుని, ఆక్యుపేషనల్ యాక్సిడెంట్ పాలసీ (పనిలో ప్రమాదాలకు విడిగా అమ్మే ఇన్సూరెన్స్) కొని, ఉద్యోగుల చేత ఆర్బిట్రేషన్ ఒప్పందాలు (గొడవ వస్తే కోర్టుకు కాక మధ్యవర్తి దగ్గరికి వెళ్తామని) రాయించుకుంటాయి. రాష్ట్రం చేయించే సర్వేల్లో పాలసీ లేని యజమానులు నాలుగో వంతు దరిదాపు తేలుతున్నారు. వాళ్లలో తెలివిగా లెక్క వేసుకుని బయట ఉన్నవాళ్లు ఈ పెద్దలే. వాళ్లకు లాయర్లున్నారు, సేఫ్టీ మేనేజర్లున్నారు. పద్నాలుగు మందికి ఆ ఏర్పాటు చేయించుకునే ఖర్చు ప్రీమియాన్ని మించవచ్చు. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: ఆక్యుపేషనల్ యాక్సిడెంట్ పాలసీ వర్కర్స్ కాంప్ కాదు. అది కొన్నా దావా తప్పదు, పైన చెప్పిన మూడు వాదనలూ తిరిగి రావు, ఫారం-005 కూడా తప్పదు. ‘అచ్చం అలాంటిదే, సగం ధర’ అని అమ్మేవాళ్లున్నారు. అందులో యజమాని మీద దావా వస్తే కాపాడే భాగం ఉందా, ఎంతవరకు అని అడగండి.

ఇంకో దారి, ఉద్యోగులను తమ పేరోల్ కింద పెట్టుకుని పాలసీ కూడా చూసుకునే పీఈఓ కంపెనీలు. టెక్సస్‌లో వాటికి లైసెన్సు ఉండాలి. జీతాల పని తప్పుతుంది, రుసుము ఉంటుంది.

మీ పాత ఐటీ స్నేహితులు ఇది చదువుతుంటే వాళ్లకూ రెండు మాటలు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఆఫీసు, మనుషులు పది రాష్ట్రాల్లో క్లయింట్ల దగ్గర. ‘టెక్సస్‌లో అక్కర్లేదు’ అన్న మాట టెక్సస్‌లో పనిచేసేవాళ్లకే. న్యూజెర్సీలో ఇంట్లో కూర్చుని కోడ్ రాసే మీ ఉద్యోగికి న్యూజెర్సీ నిబంధనలే. పాలసీ మొదటి పేజీలో ఏయే రాష్ట్రాలున్నాయో 3.ఏ అనే చోట రాసి ఉంటుంది. కొత్త రాష్ట్రంలో మనిషిని పెట్టగానే ఏజెంటుకి చెప్పి చేర్పించండి. ఒహాయో, నార్త్ డకోటా, వాషింగ్టన్, వయోమింగ్ మాత్రం ప్రైవేటు పాలసీని ఒప్పుకోవు, ఆ రాష్ట్ర ఫండ్ దగ్గరే కొనాలి. ఒహాయోలోని కొలంబస్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, ఇది మరిచిపోయే కంపెనీలు కూడా అంతే. వాళ్ల కోడ్ 8810 కాబట్టి ఖర్చు స్వల్పం, చాలాసార్లు కనీస ప్రీమియంతోనే సరిపోతుంది. క్లయింట్ కాంట్రాక్టులు ఎంప్లాయర్స్ లయబిలిటీ (అదే పాలసీలో యజమాని మీద దావా వస్తే కాపాడే భాగం) పది లక్షల డాలర్లు అడుగుతాయి, మామూలు పాలసీలో అది ఒక్కో ప్రమాదానికి లక్షే ఉంటుంది. పెంచడానికి అయ్యేది కొద్దే, కాంట్రాక్టు సంతకానికి ముందే పెంచుకోండి.

పాలసీ తీసుకున్నాక దెబ్బ తగిలిన రోజు చేయాల్సింది: ముందు వైద్యం. అతను గాయం సంగతి 30 రోజుల్లో మీకు చెప్పాలి, క్లెయిము ఏడాదిలోపు వేయాలి. అతను పనికి రాని మొదటి రోజు నుంచి 8 రోజుల్లోపు మీరు కంపెనీకి మొదటి రిపోర్టు పంపాలి. ‘చిన్నదే, నేనే డబ్బిచ్చేస్తా, కంపెనీకి చెబితే ప్రీమియం పెరుగుతుంది’ అని దాచకండి. చిన్న కోత నెల తర్వాత పెద్ద ఇన్ఫెక్షన్ అయి వచ్చినప్పుడు ఆలస్యం మీ మెడకే చుట్టుకుంటుంది. తేలిక పని ఇవ్వగలిగితే ఇవ్వండి. చేయి కట్టుతో ఉన్న వంటవాడు ఫోన్ ఆర్డర్లు తీసుకోగలడు. అతను పనికి వస్తే జీతం చెల్లింపు తగ్గుతుంది, క్లెయిము చిన్నదవుతుంది. క్లెయిము వేశాడని మాత్రం తీసేయకండి, అది వేరే దావా.

ఏజెంటు దగ్గరికి వెళ్లేటప్పుడు పాతాయన గత నాలుగు త్రైమాసికాల జీతాల రిపోర్టులు, టిప్పుల లెక్క విడిగా, ఎవరేం పని చేస్తారో జాబితా, సబ్‌కాంట్రాక్టర్ల సర్టిఫికెట్లు పట్టుకెళ్లండి. రెండు మూడు కంపెనీల ధరలు తీసుకోండి. అందులో టెక్సస్ మ్యూచువల్ ఉండేలా చూసుకోండి. 1991లో చట్టసభ పెట్టిన సంస్థ అది, ఎవరూ ఇవ్వనివాళ్లకు చివరి దిక్కు కూడా అదే, రాష్ట్రంలో పెద్ద వాటా దానిదే, పాలసీదార్లకు డివిడెండ్లు పంచిన ఏడాదులూ ఎక్కువే. ప్రతి కోట్‌లో క్లాస్ కోడ్, రేటు, హెల్త్‌కేర్ నెట్‌వర్క్ (కంపెనీతో ఒప్పందమున్న డాక్టర్ల జాబితా) ఎంచుకుంటే ఇచ్చే తగ్గింపు, ఓనర్లు లోపలున్నారా బయటున్నారా అన్నవి పక్కపక్కన పెట్టి చూడండి. రెస్టారెంటు, గ్యాస్ స్టేషన్ రెండు వేరు కంపెనీలైతే ఒకే పాలసీలో పెట్టొచ్చా లేదా అన్నది వాటాలను బట్టి ఉంటుంది, ముందే అడగండి. కొనుగోలు సంతకం అయ్యే రోజు నుంచే పాలసీ మొదలయ్యేలా తేదీ వేయించండి. ఆ రోజు సాయంత్రం డిన్నర్‌కి పెనం దగ్గర నిలబడేది మీ మనిషే.